వెళ్లొద్దనడానికి పద్నాలుగు కారణాలు

ఆ ఆసుపత్రిలో ఇరవై నాలుగు వీల్‌చెయిర్లు ఉన్నాయని రిజిస్టరు చెబుతుంది. అవసరానికి ఒక్కటీ దొరకదని రిసెప్షన్ చెబుతుంది. ఈ రెండు మాటల మధ్య పడి నలిగేవాడు మెకానిక్.

సెల్లారులో, జనరేటరు పక్కన, అతని వర్క్‌షాప్. పేరుకే వర్క్‌షాప్. విరిగిన మంచాలు పడేసుకోవడానికి కట్టిన గది అది. మంచాలు పోగా మిగిలిన జాగాలో అతన్ని పెట్టారు. టెన్త్ లెక్కల్లో పోయినవాడికి అంతకంటే ఎక్కువ జాగా ఇచ్చే ఆఫీసు ఈ లోకంలో లేదు.

ఒక సోమవారం పొద్దున పదింటికి ఆ గది గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. నీలం యూనిఫాం, మెడలో ఐడీ కార్డు, చేతిలో టోకెన్ల కట్ట. ముఖం చూస్తే తగాదాకి వచ్చిందని తెలిసిపోతోంది. బిల్లింగ్ నుంచి రిసెప్షన్ ఇన్‌చార్జిగా మార్చి ఆవేళ్టికి మూడో రోజు.

"మెకానిక్ మీరేనా?"

"చేతులకి గ్రీజు ఉంది కాబట్టి నేనే అయ్యుండాలి."

"పైన ఒక పెద్దావిడ మోకాలు వాచిపోయి ఇరవై నిమిషాలుగా కారులోనే కూర్చుంది. నాకొక వీల్‌చెయిర్ కావాలి."

"ఇక్కడున్న నాలుగూ రిపేరుకొచ్చినవి మేడమ్."

ఆమె నేరుగా లోపలికొచ్చింది. వరుసలో మొదటి చెయిర్‌లో కూర్చుని, రెండు చేతులా చక్రాలు తిప్పుకుంటూ గది చివరిదాకా వెళ్లి, గిర్రున తిరిగొచ్చి, సరిగ్గా అతని బూటు మీద ఆపింది.

"ఇందులో రిపేరేంటి?"

"బ్రేకు. చూశారుగా, ఆపాలనుకున్న చోట ఆగలేదు."

"ఆపాలనుకున్న చోటే ఆగింది."

అతను ప్రేమలో ఎప్పుడు పడ్డాడని ఎవరైనా అడిగితే ఇదిగో, ఇక్కడే. బూటు మీద చక్రం ఉండగా.

మర్నాటి నుంచి పొద్దున ఎనిమిదయ్యేసరికి రిసెప్షన్ పక్కన స్తంభం చాటున ఒక చెయిర్ తుడిచి, నూనె వేసి సిద్ధంగా ఉండేది. ఏ వార్డు వాళ్లూ ఎత్తుకుపోకుండా దాని మెడలో ఒక పసుపు అట్ట. 'రిపేరులో ఉంది. ముట్టుకోవద్దు.' ఎవరు పెట్టారని ఆమె అడగలేదు. నేనే పెట్టానని అతను చెప్పలేదు.

ఆ ఉపాయం నెల్లాళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. తరవాత ఆడవాళ్ల వార్డు ఆయా ఒకావిడ, నడుం నొప్పికి కాసేపు కూర్చుందామని ఆ రిపేరు చెయిర్‌లో కూర్చుని, అది చక్కగా నడుస్తోందని కనిపెట్టింది. ఇక చెప్పేదేముంది. వారం తిరక్కుండా పసుపు అట్టలు జిరాక్సు తీయించి అన్ని వార్డులకీ పంచుకున్నారు. మూడో అంతస్తు బాత్రూంలో రెండు చెయిర్లు, రిపేరులో ఉన్నాయి. దుప్పట్ల బీరువా వెనక ఒకటి, రిపేరులో ఉంది. ఎముకల వార్డు వాళ్లయితే తమ మూడింటికీ గొలుసు వేసి, ఆ గొలుసుకి కూడా అట్ట కట్టారు.

ఎవరో నిజాయితీపరులు రిజిస్టరులో కూడా అలాగే రాసేశారు. ఇరవై నాలుగింటికి పంతొమ్మిది రిపేరు. ఆసుపత్రి మొత్తంలో నిజంగా రిపేరు చేయాల్సిన చెయిర్ ఒక్కటీ లేక మెకానిక్ ఖాళీగా కూర్చున్నాడు. ఇన్ని రిపేర్లుంటే ఖాళీగా కూర్చుంటావా అని అతనికి మెమో వచ్చింది.

ఆ ఖాళీలోనే మధ్యాహ్నం మూడున్నరకి టీలు మొదలయ్యాయి. ఆమె ఫ్లాస్కు పట్టుకుని దిగేది. గది పైకప్పు దగ్గర చిన్న కిటికీ ఉండేది. దాంట్లోంచి వీధిలో మనుషులు కనపడరు, కాళ్లు కనపడతాయి. వాన పడిందంటే సినిమానే. చెప్పులు చేత్తో పట్టుకున్న కాళ్లు, నీళ్లగుంట చూసి ఆగి దూకే కాళ్లు, ఒకే గొడుగు కింద ఇరుక్కున్న నాలుగు కాళ్లు.

"ఆ నాలుగు కాళ్లకీ పెళ్లై ఎన్నేళ్లయ్యుంటుందంటారు?" అని అతను అడిగేవాడు.

"అవలేదు. అయ్యుంటే రెండు గొడుగులు తెచ్చుకునేవాళ్లు."

అతను నవ్వుతుంటే ఆమె చూపు మాత్రం ఇంకెక్కడో ఉండేది. "చూడండి, లోపలికొచ్చే ప్రతి మనిషీ సరిగ్గా అక్కడే ఆగి వెనక్కి తిరుగుతున్నాడు. ఆ బాణం గుర్తు బోర్డు తప్పు చోట ఉంది. ఆరడుగులు ఇవతల పెడితే రోజుకి మూడొందలమంది నన్ను దారి అడగడం మానేస్తారు."

అతను కాళ్లు చూసేవాడు. ఆమె కాళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూసేది. తేడా అదీ.

ఇలా ఏడాది గడిచాక ఒక వానరోజు ఆమె ఫ్లాస్కుతో పాటు ఒక కవరు కూడా తెచ్చింది. అప్పటికి వాళ్ల మాటల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్. సీటొచ్చింది. రెండేళ్లు. ఇక్కణ్ణుంచి ఎనిమిది గంటల ప్రయాణం. ఈ శుక్రవారం కాక వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదులోగా వస్తాననో రాననో చెప్పాలి."

మెకానిక్ గొంతులో టీ అడ్డం పడింది.

"మంచిదే కదా" అన్నాడు, దగ్గు ఆగాక.

"మంచిదో కాదో తెలీకే నిన్నడుగుతున్నా. నాకు ఇరవై ఎనిమిది. అక్కడ అందరూ ఇరవై రెండేళ్ల పిల్లలు, గడగడా ఇంగ్లీషు. పైగా రెండేళ్లు చదివి నేను కూడా మీటింగ్ సార్‌లా తయారైతే?"

ఆ ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్‌కి సరిగ్గా అదే డిగ్రీ ఉంది. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. ఏ కష్టం వచ్చినా మీటింగ్ పెట్టేవాడు కాబట్టి ఆయన్ని అందరూ మీటింగ్ సార్ అనేవారు. మీటింగ్ తరవాత ఒక నోటీసు పుట్టేది. ఎముకల వార్డు ముందు 'మెట్లు ఎక్కుట ఆరోగ్యమునకు మంచిది' అని అంటించింది ఆయనే. ఓపీలో 'రోగులు తమ బాధను క్లుప్తముగా చెప్పవలెను' అన్నదీ ఆయనదే.

మునిగిపోతున్నవాడికి చెక్క దొరికినట్టు మెకానిక్‌కి మీటింగ్ సార్ దొరికాడు.

"అదే నా భయం కూడా" అన్నాడు విచారంగా ముఖం పెట్టి. "బంగారం లాంటి మనిషివి. ఆ చదువు చదివి వచ్చాక క్లుప్తంగా చెప్పమంటావు."

ఆనాటి నుంచి అతనికి కొత్త ఉద్యోగం దొరికింది. పొద్దున లేవగానే నోటీసు బోర్డు చూడ్డం, మీటింగ్ సార్ చేసిన ఘనకార్యం ఒకటి ఏరుకోవడం, మూడున్నరకి ఆమెకి వడ్డించడం. "ఇవాళ ఏం చేశాడో తెలుసా. లిఫ్టు ఆలస్యమవుతోందని లిఫ్టులో అద్దం పెట్టించాడు. అద్దం చూసుకుంటూ ఎవరూ దిగట్లేదు." మర్నాడు, "అంబులెన్సు డ్రైవర్లు ఎమర్జెన్సీ కేసులకి ముందుగా సమాచారం ఇవ్వాలట." మీటింగ్ సార్ కూడా నిరాశపరచలేదు. దాదాపు రోజూ ఒకటో రెండో ఇచ్చాడు. ఇంత శ్రద్ధగా టెన్త్‌లో లెక్కలు చేసుంటే అతని కథ వేరేలా ఉండేది.

ఆమె అన్నీ వినేది. నవ్వేది. నవ్వాక ఒకసారి అతని ముఖంలోకి చూసి, ఇంకేదో వస్తుందేమో అన్నట్టు కాసేపు ఆగి, ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్లిపోయేది.

గడువు ఇంకొక్క రోజుందనగా, గురువారం, వీల్‌చెయిర్ల మీద మీటింగ్ పడింది.

పొడుగు బల్ల చుట్టూ ఆరు వార్డుల ఇన్‌చార్జిలు. బల్ల చివర, రిసెప్షన్ తరఫున, ఆమె. తలుపు పక్కన, ముద్దాయి నిలబడే చోట, మెకానిక్. మీటింగ్ సార్ గోడ మీద రిపేరు లెక్కల బొమ్మ ఒకటి వేయించాడు.

"ఇరవై నాలుగులో పంతొమ్మిది. అంటే డెబ్భై తొమ్మిది శాతం రిపేరులో ఉన్నట్టు. ఈ మెయింటెనెన్సు బయట ఏజెన్సీకి ఇచ్చేయడం తప్ప నాకు వేరే దారి కనిపించట్లేదు. నువ్వేమంటావయ్యా?"

మెకానిక్ తన బూట్ల వంక చూసుకున్నాడు. నోరు విప్పితే స్తంభం చాటు చెయిర్ బయటపడుతుంది. దాంతో పాటు ఆమె పేరూ బయటపడుతుంది.

"సార్" అని ఆమె లేచింది. "ఆ పంతొమ్మిదీ నడుస్తున్నాయి."

ఆరుగురు ఇన్‌చార్జిలూ ఒక్కసారిగా తలెత్తి ఫ్యాను ఎంత బాగా తిరుగుతోందో చూశారు.

"పెద్ద సిస్టర్ గారూ, మీ వార్డులో మూడు దాచారు కదా. ఎందుకు దాచారు?"

ఎముకల వార్డు పెద్ద సిస్టర్‌కి ముప్పై ఏళ్ల సర్వీసు. ఆవిడ ఎవరికీ భయపడదు. "దాచకపోతే నా పేషెంటుని ఎక్స్‌రేకి ఎవరు తీసుకెళ్తారమ్మా? చంకనెత్తుకుని నేను తీసుకెళ్లనా?"

"పైకొచ్చిన చెయిర్ మళ్లీ కిందికి ఎందుకు పంపరు?"

"పంపడానికి మనిషేడీ? పేషెంటుని మంచం మీద దింపగానే వార్డుబాయ్‌ని ఇంకో పనికి పిలుస్తారు. ఖాళీ కుర్చీ తోసుకుంటూ దిగాడా, పని మానేసి షికార్లు చేస్తున్నావా అని తిడతారు."

"అదీ సార్" అంది ఆమె. "పేషెంటుని పైకి తీసుకెళ్లడం డ్యూటీ. ఖాళీ చెయిర్ కిందికి తేవడం ఎవరి డ్యూటీ కాదు. జబ్బు అదొక్కటే. దాచుకోవడం, అట్టలు కట్టడం, గొలుసులు, ఇవన్నీ లక్షణాలు. వార్డుకి మూడు చొప్పున పద్దెనిమిది, ఏ వార్డుకి ఆ రంగు వేద్దాం. మిగిలిన ఆరూ గేటు దగ్గర, వాటికింకో రంగు. గేటు రంగు చెయిర్ పైకెళ్తే, తోసుకెళ్లినవాడే ఖాళీది కిందికి తెస్తాడు. ఆ దిగిన ట్రిప్పు కూడా అతని డ్యూటీ షీటులో రాస్తాం. తనకంటూ మూడున్నాయని తెలిస్తే ఎవరూ దాచరు. కొత్త చెయిర్ అక్కర్లేదు, ఏజెన్సీ అక్కర్లేదు. రంగు డబ్బాలు చాలు."

మొత్తం పది నిమిషాలు పట్టింది. కాగితం చూడలేదు, తడుముకోలేదు.

మీటింగ్ సార్ తన బొమ్మ తీసేయమని సైగ చేశాడు. "బాగుంది. కానీ ఈ అట్టల సంగతి అసలు ఎవరు మొదలుపెట్టారు?"

"నేనే సార్. రిసెప్షన్ కోసం."

"కాదు సార్" అన్నాడు మెకానిక్. "మొదటి అట్ట నేను కట్టాను. ఆవిడకేం తెలీదు."

"తెలుసు" అంది ఆమె.

పెద్ద సిస్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే ఏడాదిగా ఈ ఆసుపత్రిని మంచాన పడేసింది మీ ఇద్దరి వ్యవహారమేనన్నమాట."

గది మొత్తం నవ్వింది. మీటింగ్ సార్ కూడా ఆలస్యంగా నవ్వాడు. మెకానిక్ ఒక్కడే నవ్వలేదు. చెవులు ఎర్రబడి నిలబడ్డాడు గానీ, అతని మనసు ఆ నవ్వు మీద లేదు. ఆమె మాట్లాడిన పది నిమిషాల దగ్గరే ఆగిపోయింది. కుట్టుమిషనుకి లారీ ఇంజను బిగిస్తే ఏ మెకానిక్‌కైనా కడుపు మండుతుంది. తను పది రోజులుగా చేస్తున్నది ఆ పనే. బిగించిన బోల్టు ఊడకుండా రోజుకొక చుట్టు తిప్పుతున్నాడు.

మూడున్నరకి ఆమె దిగేసరికి అతను టీ కప్పులు కూడా తీయలేదు.

"నువ్వెళ్లు" అన్నాడు. "ఆ సీటు వదులుకోకు. నేను చెప్పినవన్నీ సొల్లు. ఆ చదువు వల్ల ఆయన అలా అవలేదు. ఆయన చదవకపోయినా అంతే. నువ్వు చదివినా చదవకపోయినా నువ్వే. చదివితే మాత్రం నీ మాట పదిమంది వింటారు. రోజూ వెతికి వెతికి ఆయన గురించి చెప్పింది నువ్వు ఆగిపోవాలనే. తప్పు చేశా."

ఆమె చెయిర్ లాక్కుని కూర్చుంది. కోపంగానే ఉంది, కానీ అతను అనుకున్న చోట కాదు.

"పద్నాలుగు."

"ఏంటి?"

"నేను వెళ్లకూడదని పది రోజుల్లో నువ్వు చెప్పిన కారణాలు. లెక్కపెట్టా. లిఫ్టు అద్దం ఒకటి, అంబులెన్సు సమాచారం ఒకటి, హాస్టల్లో దోమలు ఒకటి. దోమలేమిటసలు? నువ్వెప్పుడైనా చూశావా ఆ హాస్టల్?"

"లేదు. ఆవేళ నోటీసు ఏదీ దొరకలేదు."

"పద్నాలుగు కారణాలు చెప్పావు. ఒక్కదాంట్లో కూడా నువ్వు లేవు."

పైన కిటికీలో ఎవరివో కాళ్లు వానలో ఆగాయి. రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నిలబడ్డాయి, లోపలి సంగతి తేలేదాకా కదలం అన్నట్టు.

మెకానిక్ స్పానరు తీసి, మళ్లీ పెట్టేసి, చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న గుడ్డకి ముందే గ్రీజుంది.

"పదిహేనోది ఉంది. నువ్వెళ్లిపోతే పొద్దున ఎనిమిదింటికి నేను ఎందుకు రావాలో నాకు తెలీదు. డ్యూటీ తొమ్మిదింటికి."

ఆమె ఫ్లాస్కు మూత తీసి పక్కన పెట్టింది.

"అదొక్కటి ముందే చెప్పుంటే ఎంత బాగుండేది."

"ఆగిపోయేదానివా?"

"లేదు. వెళ్లేదాన్నే. కానీ పది రోజులు ఏడుపు ముఖంతో తిరిగేదాన్ని కాదు."

"నేను టెన్త్ తప్పాను. నువ్వు రెండేళ్ల తరవాత..."

"రెండేళ్ల తరవాత నేను నోటీసులు రాస్తే నువ్వు చించేయాలి. నీకంటే ధైర్యంగా చించేవాడు నాకు దొరకడు. టీ ఎవరు పోస్తారు, నేనా?"

అతను పోశాడు. సగం కప్పులో, సగం బల్ల మీద.

శుక్రవారం ఇంకో చిక్కొచ్చింది. సీటు ఖాయం చేసుకోవాలంటే ఆసుపత్రి నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం కావాలి. దాని మీద మీటింగ్ సార్ సంతకం ఉండాలి. ఆయన మధ్యాహ్నం రెండు నుంచి మీటింగ్‌లో ఉన్నాడు. మీటింగులు తగ్గించడం ఎలా అన్న దాని మీద మీటింగ్. నాలుగున్నరయినా తలుపు తెరుచుకోలేదు.

మెకానిక్ వెనకవైపు వెళ్లి ఆ గది ఏసీ ఆపేశాడు. ఎంత గొప్ప చర్చ అయినా ఏసీ లేకుండా పది నిమిషాలకి మించి నిలవదని అతనికి ఎనిమిదేళ్ల అనుభవం. ఎనిమిదో నిమిషంలో అందరూ కాలర్లు విదిలించుకుంటూ బయటికొచ్చారు.

మీటింగ్ సార్ ఉత్తరం చదివి, పెన్ను తీసి, సంతకం పెట్టకుండా ఆగాడు.

"నేను కాలేజీ నుంచి నేరుగా ఈ కుర్చీలోకి వచ్చానమ్మా" అన్నాడాయన, ఆమె వంక చూడకుండా. "ఒక్క రోజు కూడా కౌంటర్లో కూర్చోలేదు. కాలేజీలో ఏదడిగినా నాకు పుస్తకమే గుర్తొచ్చేది. నీకు మనుషులు గుర్తొస్తారు. ఆ తేడా పోగొట్టుకోకు." సంతకం పెట్టి, చెమట తుడుచుకున్నాడు. "ఏసీకేమైందో చూడవయ్యా."

చూస్తానన్నాడు మెకానిక్. పద్నాలుగు కారణాలకీ మనసులోనే ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాడు. ఐదుకి పది నిమిషాలుందనగా ఉత్తరం స్కాన్ చేసి పంపారు.

పోర్టికోలో ఆమె తండ్రి అంబులెన్సు కడుగుతున్నాడు. ఆ ఆసుపత్రి బండి ఇరవై ఏళ్లుగా ఆయనదే. బండిలో కంటే గొంతులోనే మోత ఎక్కువని ఆయన్ని సైరన్ బాబాయ్ అంటారు. డాక్టర్ల నుంచి ఆయాల దాకా అందరికీ బాబాయే. కూతురు నిన్ననే ఇంట్లో అంతా చెప్పేసింది.

"ఇట్రా" అన్నాడు మెకానిక్‌తో. గొట్టం ఆపలేదు. నీళ్లు అతని బూట్ల మీదికే పోతున్నాయి. "ఎనిమిదేళ్లుగా నన్ను బాబాయ్ అని పిలుస్తున్నావు. ఆ వరసన మా అమ్మాయి నీకేమవుతుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. అందుకే ఏడాదిగా మిమ్మల్ని సార్ అంటున్నా. మీరు గమనించలేదు."

ఆయన గొట్టం పక్కకి తిప్పాడు. నిజమే. ఏడాదిగా ఆసుపత్రిలో తనని సార్ అనేవాడు వీడొక్కడే. తన గౌరవం పెరిగిందనుకుని ఇంట్లో కూడా చెప్పుకున్నాడు.

"ఎంతదాకా చదివావు?"

"టెన్త్. లెక్కలు పోయాయి."

"నాకు లెక్కలూ సైన్సూ కూడా పోయాయి." కాసేపు అద్దం తుడిచాడు. తుడిచినచోటే తుడిచాడు. "మా ఆవిడతో మాట్లాడాలి. ముందు దాని చదువు. మిగతాది చూద్దాం."

ఆమె వెళ్లిన మూడో ఆదివారం ఆయన తెల్లవారకముందే మెకానిక్‌కి ఫోన్ చేశాడు. దాన్ని చూడ్డానికి బస్సులో వెళ్తున్నాను, దారిలో మాట్లాడ్డానికి మనిషి కావాలి అన్నాడు. ఎనిమిది గంటలూ ఆయనే మాట్లాడాడు. ఆ అబ్బాయి 'ఊ' కొట్టిన తీరు ఆయనకి నచ్చింది.

హాస్టల్ గేటు దగ్గర వార్డెన్ ఒక రిజిస్టరు తిప్పి పెట్టింది. పేరు, ఊరు, ఎవరిని చూడాలి, ఏమవుతారు. ఆయన చకచకా రాసి, ఆఖరి గడిలో తండ్రి అని పెట్టాడు. మెకానిక్ మూడు గడులు నింపి నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు.

"ఆదివారం ఇంట్లోవాళ్లనే రానిస్తాం" అంది వార్డెన్. "మీరేమవుతారు?"

"పర్లేదండీ, నేను బయటే ఉంటాను."

"ఉంటావు, ఎండలో" అన్నాడు ఆయన. "ఇటివ్వు ఆ పెన్ను." పెద్ద పెద్ద అక్షరాలతో 'అల్లుడు' అని రాశాడు.

వార్డెన్ ఆమె వివరాలున్న కార్డు తిరగేసింది. "ఇక్కడ పెళ్లి కాలేదని ఉందే."

"కాలేదు. రెండేళ్లాగాలి. అందాకా ప్రొవిజినల్ అని రాసుకోండమ్మా. మీ కాలేజీవాళ్లు ఇస్తారుగా, అసలుది వచ్చేదాకా."

వార్డెన్ జీవితంలో చాలా రకాల బంధువులని చూసింది, ఈ రకాన్ని చూడలేదు. పక్కన రాసుకుంది కూడా.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆమె చేతిలో పుస్తకం మధ్యలో వేలు పెట్టుకుని అలాగే పరిగెత్తుకొచ్చింది. బయటికి రావాలంటే తనూ సంతకం పెట్టాలి. పెట్టబోతూ పై వరస చదివింది. తండ్రి వంక చూసింది. ఆయన గేటు ఇనుము ఎంత గట్టిదో తట్టి చూస్తున్నాడు. మెకానిక్ వంక చూసింది. అతను ఎటు చూడాలో తెలీక ఆమెనే చూస్తున్నాడు.

"నాన్నా, అమ్మకి తెలుసా?"

"గేటు దగ్గర ఏమవుతారని అడిగితే ఇదే రాయమని నిన్న రాత్రి చెప్పిందే మీ అమ్మ. నేను ఇంకా చిన్న అక్షరాలతో రాద్దామనుకున్నా."

ఆమె ఆ వరస కింద సంతకం పెట్టి, పెన్ను వార్డెన్‌కి ఇచ్చేసి, గేటు దాటి వచ్చి అతని పక్కన నిలబడింది.

"దోమలున్నాయి" అంది మెల్లగా. "ఆ ఒక్కటీ నిజమే చెప్పావు."